స్ట్రెంత్

మంగళవారం శ్రీకాకుళం నుంచి ఆఫీసరుగారొచ్చారు.
జీపు దిగి, బూట్లకంటిన ఉద్దానం ఇసక దులుపుకుని
మొదట అడిగిన మాట, "స్ట్రెంత్ ఎంత?"
ప్రిన్సిపాల్‌గారు రిజిస్టరు తెరిచారు.
నూట పదమూడు.
ఆయన పెదవి విరిచి,
పక్క మండలం కాలేజీలో కలిపేద్దాం, అన్నారు.
ఈ గదులు గోడౌనుకి బాగుంటాయి.

నేను టీ అందిస్తున్నాను.
ఇరవై రెండేళ్లుగా కెమిస్ట్రీ ల్యాబులో అటెండరుని.
టీ అందించే చేతికి మాట ఉండదు.
అప్పుడు అనాల్సింది
ఇప్పుడు ల్యాబుకి తాళం వేస్తూ తాళంకప్పకి చెబుతున్నాను.

అయ్యా, ఆ రిజిస్టర్లో గున్నమ్మ లేదు.
జీడిపిక్కలు ఒలిచి ఒలిచి
వేళ్ల మీద గీతలు చెరిగిపోయిన మనిషి.
బ్యాంకు మిషను ఆమె వేలిని గుర్తుపట్టలేదు.
సెకండియర్ మోహిని ల్యాబు వరండాలో కూర్చోబెట్టి
సుద్దముక్కతో నేల మీద సంతకం నేర్పింది.
"ఒలమ్మా, నా పేరింత బరువేటే!"
పదకొండు రోజులు పట్టింది.
ఇప్పటికీ ఆమె సంతకం పెడుతుంటే
వెనక లైనంతా ఆగిపోతుంది.
ఆగనీ.

తుఫాను రాత్రి హిస్టరీ గదిలో పడుకున్నవాళ్లనీ
ఎవరూ లెక్క రాయలేదు.
ఒకామె దూడని కూడా తోలుకొచ్చింది.
తెల్లారి చూస్తే తోటలు తోటలే పడుకునున్నాయి,
జీడిచెట్ల వేళ్లు గాలిలో.
బోర్డు మీద మాత్రం మొన్నటి పాఠం అలాగే ఉంది.
ఆ ఏడు ఫీజు కట్టినవాళ్లు తక్కువ.
పేరు కొట్టేసింది ఎవరిదీ లేదు.

ఇంకో సంగతి.
మా మేడమ్ పిల్లల చేత ఊళ్లలోని బావుల నీళ్లు తెప్పించింది.
నలభై ఒక్క సీసాలు.
మైదా బంకతో పేర్లు అతికించింది నేనే.
ఢిల్లేశు వాళ్ల బావి కూడా ఉంది అందులో.
వాళ్ల నాన్న వారానికి రెండుసార్లు
డయాలసిస్‌కి తెల్లారుజాము బస్సెక్కుతాడు.
"నీళ్ల వల్లేనా మేడమ్?"
ఆమె వెంటనే జవాబు చెప్పలేదు.
"తెలీదురా. మన ల్యాబుకి అందేది ఇంతే. పెద్ద ల్యాబుకి పంపుదాం."
వాడు సీసా కడిగి, బోర్లించి, వెళ్లిపోయాడు.
మర్నాడు ఇంకో రెండు బావుల నీళ్లతో వచ్చాడు.
ఈ జబ్బు గురించి మా ఊళ్లో అందరికీ అన్నీ తెలుసు, ఆఫీసరుగారూ.
తెలీదు అని చెప్పి
వెతకడం మొదలెట్టే చోటు ఇదొక్కటే.

పక్క మండలం నుంచి ఇటు వచ్చే ఆఖరి ఆటో
నాలుగున్నరకి.
అది దాటితే ఆడపిల్లకి ఆ రోజు చదువు లేదు,
పది రోజులు దాటిస్తే ఇక చదువే లేదు.
ఇరవై మూడు కిలోమీటర్లంటే
మీ జీపుకి ఓ పాట వినేంత దూరం.

టీ సగమే తాగి లేచారాయన.
జీపు తిప్పుతూ తిప్పుతూ డ్రైవరు కుర్రాడు దిగాడు,
వరండాలో అడ్మిషన్ల నోటీసుని ఫోనుతో ఫొటో తీసుకున్నాడు.
వాళ్లది పక్క ఊరేనట, చెల్లి ఇంటర్ పాసైందట.
"ఇక్కడ ఏయే గ్రూపులున్నాయన్నా?"

అన్నీ ఉన్నాయి, అన్నాను.

మూడే ఉన్నాయి.