హాజరు

పొద్దటి సంది సముద్రం వాసన మారింది.
సొహార్ ఇవతల, ఖర్జూర తోటల,
మేకలు మేత ముట్టలే.
మొఫిజుల్ అన్నడు, వాళ్ల భోలా దిక్కు గూడ గిట్లనే
ముందుగాల గాలి కూసుంటదట,
తర్వాత లేస్తదట.
నేను జగిత్యాల దిక్కోన్ని. నాకేమెర్క?
మాకు తుఫానంటే రెండొద్దులు ముసురు,
వడ్లు తడుసుడు.
సముద్రం ఇంటిదాక అచ్చుడు కాదు.

పగటీలి ఫోన్లన్నీ ఒక్కపారే కూసినయి.
పోలీసు బండి మైకుల చెప్పుకుంట పోయింది
అరబ్బీల, ఉర్దూల, బంగ్లాల:
వాదీకి దూరం జరుగుండ్రి, బడికి పోండ్రి.
తెలుగుల చెప్పలే.
కని సమజైంది.

అందరు పోయిండ్రు.
నేను పంపుసెట్టు అర్రల కూసున్న.
నాకు బతాకా లేదు.
నాలుగేండ్ల కింద అర్బాబును ఇడిసి ఉరికినోన్ని,
ఖల్లివెల్లిని.
దినాం గా బండి కనవడితే
చెట్టెనుక ఇంకో చెట్టునైత.
ఇయ్యాల గదే బండి రా రమ్మంటుంది.
నీళ్లకు దొరుకుడా, పోలీసులకు దొరుకుడా?
మోకాలు దాటెదాక లెక్కవెట్టుకుంట ఉన్న.
నడుముకచ్చినంక లెక్క తప్పింది.

మొఫిజుల్ మర్లచ్చిండు.
బంగ్లాల తిట్టిండు, కాలరు వట్టి గుంజిండు.
మా ముంగట నుంచి ఒక ఫ్రిజ్జు
తలుపు తెరుసుకొని తేలుకుంట పోయింది,
అండ్ల కోడిగుడ్లు
ఒక్కటి గూడ పల్గలే.

బడి గేటు కాడ బల్ల, బల్ల మీద రిజిష్టరు.
అద్దాలు వెట్టుకున్న ఒక మేడం,
నల్లటి అబాయా అంచు బురదల నాని,
తల ఎత్తకుంట అడిగింది: పేరు?
భూమేశ్.
నేను జేబులు తడుముకున్న, కార్డు ఉన్నోని తీరు.
ఆమె దుప్పటి ఇచ్చింది, నీళ్ల సీస, రెండు రొట్టెలు,
నా ఎనుకోన్ని పిలిచింది.
గంతే.

రెండో తరగతి అర్ర. గోడకు ఒంటె బొమ్మ.
పిల్లల కుర్చీలల్ల పెద్దోళ్లు, మోకాళ్లు గదుమకు.
నా పక్కన ఒక ఒమానీ ముసలాయన, ఇల్లు మునిగినోడు,
నా దుప్పటసొంటిదే కప్పుకొని
బుడ్డ గిలాసల కావా పోసి ఇచ్చిండు.
అర్బాబులకు చెయ్యి వణుకుతదని
నాకు గా రాత్రే తెలిసింది.

రెండు గొట్టంగ కరెంటు పోయింది.
రేకులు లేసిపోయే సప్పుడు.
టార్చిలైటు వట్టుకొని మేడం పేర్లు పిలిచింది,
ఎవ్వలన్న బయటికి పోయిండ్రా అని.
ఒక్కొక్కలు నామ్ అంటున్నరు.
హిందీల నామ్ అంటే పేరు, వీళ్ల మాటల ఔ.
పిలుస్తరు, పలుకుతరు,
నాలుగేండ్లల్ల నన్నెవ్వలు గట్ల పిలువలే:
రఫీక్ అన్నరు, ఏయ్ అన్నరు.
"బూమీస్!"
నా నోట్లకెళ్లి అచ్చింది
"ఉన్న సార్."
చీకట్ల ఎవ్వలో నవ్విండ్రు. మేడం గూడ.

తెల్లారింది. గోడ మీద నీళ్ల గీత, నా ఛాతి ఎత్తు.
బడి కావలాయన నా చేతికి డస్టర్ ఇచ్చిండు.
బోర్డు నిండ మా పేర్లు, రాత్రి ఎప్పుడో రాసినయి.
నాదేదని అడిగితే మొఫిజుల్ ఏలు వెట్టి చూపిండు:
కుడి దిక్కు కెళ్లి సదువు, కింది నుంచి మూడోది.
నా పేరు గింత పొడుగుంటదా అనుకున్న.
కింద ఒక చుక్క గూడ ఉంది.
అన్నీ తుడిసిన. దాన్ని గూడ తుడిసిన,
పని పనే గద.

బయట బురద, ఎండ.
మూల మలుపుకు పోలీసు బండి.
కాళ్లు వాటంతటవే పక్కకు మళ్లినయి,
చెట్టెనుకకు పోదమని.
తోటల ఒక్క చెట్టు
నిలవడి లేదు.