వణకని ముల్లు

రోహిణి కార్తె.
ముత్తుకూరు రోడ్డు మీద తారు కరిగి
చెప్పుకంటుకుని వెంటొస్తాంది.
రేకుల షెడ్డులో పద్నాలుగు మందిమి
గొట్టాలకు స్వెట్టర్లు కుడతన్నాం.

నవ్వబాకండి.
ఉత్తరాన ఎక్కడో అణు విద్యుత్ కేంద్రమంట,
ఊరి పేరు బయట చెప్పకూడదని సంతకాలు తీసుకున్నారు.
అక్కడ చలికాలం నీళ్ళు
గొట్టంలో ఉన్నవి ఉన్నట్టే రాయవుతాయంట.
గాజుదూది, దాని మీద వెండిరంగు గుడ్డ,
లోపల చుట్టలు చుట్టలుగా వేడితీగ.
చెమటకి దూదినూగు అతుక్కుని
మోచేతుల దాకా దూలగొండి రాసినట్టు దురద.

"రోహిణికి రోళ్ళు పగల్తాయని తెలుసు గానీ
చలికి ఇనుము పగలడమేందక్కా?"
కొత్తగా చేరిన మునెమ్మ.

నాకు తెలుసు.
పదకొండేళ్ళు రొయ్యల ఐసు ఫ్యాక్టరీలో చేశా.
నీళ్ళు గడ్డకట్టేటప్పుడు ఒళ్ళు చేస్తాయి,
చోటివ్వకపోతే చోటు చేసుకుంటాయి,
ఆరో నెలలో జాకెట్టు హుక్కులు తెగినట్టు.

ఇంజినీరమ్మ హిమజ, కందుకూరు పిల్ల.
పేరులో తప్ప మంచుని ఎక్కడా చూళ్ళేదంది.
సుద్దముక్కతో గోడ మీద గీసి చూపించింది:
పెద్ద గొట్టాలతో అంత భయం లేదు,
వాటిల్లో నీళ్ళు పరిగెడతా ఉంటాయి.
భయమంతా ఈ చిటికెనవేలంత దానితో.
దీన్లో నీళ్ళు ఎక్కడికీ పోవు.
నిలబడిన చోటే నిలబడి
అవతల ఒత్తిడెంతో ఇవతల ముల్లుకి చెబుతాయి.
అవి గడ్డకడితే
ముల్లు నిన్నటి మాటే పట్టుకుని కూర్చుంటది.
అవతల నీళ్ళు చాలక కొలిమి మాడిపోతన్నా
బాగుంది, అంతా బాగుందంటది.

పరీక్ష కోసం రొయ్యలు పంపే పాత కంటైనరు కొన్నారు.
లోపల ఇంకా నీచు వాసన.
గొట్టం బిగించి, మా స్వెట్టరు తొడిగి,
తీగకి కరెంటిచ్చి
సున్నాకి ఇరవై మెట్లు కిందికి దించారు.

పన్నెండు గంటలకి ముల్లు నాలుగు మీద.
రెండింటికీ నాలుగు మీదే.
మస్తానయ్య మేస్త్రి టీ తెప్పించాడు.
హిమజ కాయితంలో టిక్కులు పెడతాంది.
నాకే మింగుడుపడలా.
పంపు అంత దడదడా ఆడతా ఉంటే
ముల్లుకి చీమంత వణుకన్నా ఉండాల గదా.
నాడి కొట్టుకోని చెయ్యి పట్టుకుని
జ్వరం లేదంటామా?

"పంపు ఒకసారి ఆపండి" అన్నా.
ఆపారు.

నాలుగు.

టీ గ్లాసులు ఎక్కడివక్కడ ఆగినాయి.

దుప్పటి కప్పుకుని లోపలికి పోయి చూస్తే
వాల్వు మెడ కాడ రెండువేళ్ళ సందు.
బొమ్మలో లేదు, కొలతలో లేదు,
అందుకని కుట్టలేదు.
దాని మీద చీటీ నాదే. పెంచలమ్మ,
గొలుసు రాత రాదు గాబట్టి విడివిడి అక్షరాలు.
ఎవరూ ఒక్క మాటనలా.
అదే ఎక్కువ తగిలింది.

పొద్దున ఇంటికి పోలా.
చిన్నోడికి బడి చొక్కా కాలరు కత్తిరించిన కొలత
చేతికింకా గుర్తుండాది.
అట్టాంటి మెడపట్టీ ఒకటి కోసి
తీగని ఒక చుట్టు ఎక్కువ తిప్పి కుట్టా.
మళ్ళీ రాత్రి మళ్ళీ కంటైనరు.
కొత్త గొట్టం, అదే చలి.
పంపు ఆడినంతసేపూ ముల్లు
కొత్త కోడలి చేతిలో కాఫీ కప్పులా వణకతానే ఉంది.
మూడింటికి ఆపారు.
సున్నాకి పడింది.
అబద్ధం చెప్పని సున్నా.
మస్తానయ్య తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు,
ఆ చలిలో.

పగిలిన పాత గొట్టాన్ని తెల్లారి కోశారు.
లోంచి జారింది పుల్లైసంత ఐసు.
మునెమ్మ దాన్ని అరచేతిలో పట్టుకుని
గేటు కాడ వాచ్‌మెన్‌కి చూపిస్తానని పరిగెత్తింది.
గుప్పిట తెరిచేసరికి తడి.
"ఉండిందబ్బా, నిజంగానే ఉండింది" అంటా
ఆ తడిని మెడకి రాసుకుని
ఆటో ఎక్కింది.