గెడ

ఇప్పలంక రేవుకి చేరేసరికి మాఘమాసపు పొద్దు వాలుతోంది.
ఒంటి కాలు, చంకలో కర్ర,
నాలుగేళ్లుగా ఎవరికీ చెప్పలేని ఒక మాట.
వశిష్ఠ వెడల్పుగా, తొందరేమీ లేనట్టు పోతోంది.
నావలో నేనొక్కణ్ణే. ముసలాయన గెడ వేశాడు.
అరచేతుల్లో కాయలు చూసి పోల్చుకున్నాను.
అవే చోట్ల, అవే కాయలు
లోవరాజు చేతుల్లో చూశాను.

"ఆయ్, ఏ ఊరండి తమది?"
"వినుకొండ" అన్నాను. మాట అక్కడాగింది.

మద్రాసు సాపర్లలో మాదొకటే గుడారం.
వాడికి పంతొమ్మిది. మీసం
మొలవాలా వద్దా అని ఇంకా ఆలోచిస్తోంది.
తుపాకీ కన్నా తాడు బాగా పట్టేవాడు.
ఎవడి కోసంరా ఈ యుద్ధం అని నేను గొణిగితే
"ఎక్కినోడి ఊరడగం, కులమడగం,
ఒడ్డున దించేదాకా మనోడే" అనేవాడు.
అది జవాబో కాదో నాకు చాన్నాళ్లు తెలియలేదు.

నలభై రెండు, వేసవి. వెనక బర్మా కాలుతోంది.
రంగూన్ నుంచి నడిచొచ్చిన మన కూలీజనం
అడవి దారి పొడవునా
కూచున్నవాళ్లు కూచున్నట్టే ఉండిపోయారు.
చింద్విన్ ఏరు. వంతెన లేదు. ఒక్క దోనె.
వాడు వంగి, దోసెడు నీళ్లు నోట్లో పోసుకుని ఉమ్మాడు.
"సప్పగా ఉందిరా. సముద్రం శానా దూరం."
మాకందరికీ చావు భయం.
వాడికి పోటు తగలని ఏరంటే వింత.

వెదురు నరికి, కణుపు కణుపూ చెక్కాడు,
లోకంలో మరో పని లేనట్టు.

అయిదుగురు చొప్పున దాటించాడు.
సుడిని ఎదిరించేవాడు కాదు,
దాని భుజాన చెయ్యేసి పక్కగా నడిచేవాడు.
ఆరో తడవకి కొండమీంచి మోర్టార్లు మొదలయ్యాయి.
ఏడో తడవ అయ్యాక
దోనె తగలబెట్టమన్నాడు కెప్టెన్.
ఇవతలి గట్టున నేను మిగిలాను.
మోకాలు లేదు. అరవడానికి నోట్లో తడి లేదు.
వాళ్ల లెక్కలో అప్పటికే చచ్చినవాణ్ణి.

వాడి లెక్క వేరు.
సెల్యూట్ కొట్టి, "రేవులో ఒకడున్నాడు సార్" అని
తెలుగులోనే చెప్పి,
జవాబు వినకుండా దోనె తోశాడట.
ఆజ్ఞ మీరినట్టు కాగితాల్లో రాశారు.

వస్తున్నప్పుడు తగల్లేదు.
నన్నెక్కించుకుని తిరిగి వెళుతుంటే, నడి ఏట్లో,
పక్కటెముకల కింద
తడిగుడ్డ బండకేసి కొట్టిన చప్పుడు.
నేను లేవబోయాను.
"కూకోరా, దోనె ఒరుగుద్ది."
అంతే. మళ్లీ మాట్లాడలేదు.
గెడ దిగడం, లేవడం, దిగడం.
వెదురు మీంచి కారే నీళ్ల రంగు చూడలేక
వాడి పాదాలు చూశాను.
వేళ్లు దోనె అడుగుని కరిచిపట్టుకున్నాయి.

గట్టు తగిలింది. నన్నెవరో లాగారు.
వెనక్కి తిరిగేసరికి గెడ ఒక్కటే,
బురదలో నిటారుగా.
దోనె వాణ్ణి పడుకోబెట్టుకుని ఏటి వంపు తిరుగుతోంది.

ఇదంతా నడి వశిష్ఠలో చెప్పాను, ఎటో చూస్తూ.
నూకయ్య ఒక్కసారీ గెడ ఆపలేదు.
ఏడుస్తాడనుకున్నాను. తిడతాడనుకున్నాను,
అదైతే బావుండేది.
చాలాసేపటికి అడిగాడు:
"గెడ నిలబడే ఉందన్నారు గదండీ?"
"నిలబడే ఉంది."
"తమరు దిగాకేనా?"
"దిగాకే."
తలూపాడు,
కుర్రాడి పని చూసుకున్న మేస్త్రీలా.

"ఆ ఏరు ఎందులో కలుస్తాదండీ?"
"ఐరావతిలో. అక్కణ్ణుంచి సముద్రంలో."
"ఏ సముద్రం?"
అంతర్వేది వైపు చెయ్యి చూపించాను.

ఒడ్డు తగిలింది. నన్ను దించి, కర్ర అందించి,
అప్పుడు గెడ వదిలాడు.
అణా ఇస్తే తీసుకున్నాడు.
వంగి, దోసెడు నీళ్లు నోట్లో పోసుకున్నాడు.
ఉమ్మలేదు.
"పోటొచ్చిందండి" అన్నాడు.