పైలట్ నిచ్చెన

తెల్లవారుజాము మూడున్నర.
యారాడ కొండ మీద దీపం తిరుగుతోంది.
ఓడ పక్కకు చేరిన మా లాంచీ ఎగిరెగిరి పడుతోంది.
తాడు నిచ్చెన అందుకుని పైలట్ ఎక్కిపోయాడు.

సూయజ్ దాటి వచ్చిన కెప్టెన్
మా సన్నటి కాలువ ముందు
చుక్కాని మీద మాట ఇంకొకరికి వదిలేస్తాడు.
అది ఓటమని ఎవరూ అనరు.

నేను వదల్లేదు.
మస్కట్ ప్రయాణం తేదీలతో సహా రాసుకుని
కింద ఆమెన్ కూడా నేనే పెట్టేశాను.
ఎక్స్‌రేలో పాత మచ్చొకటి అడ్డం నిలబడింది.

పౌలునీ బితూనియకి పోనివ్వలేదట.
ఎందుకో చెప్పినట్టు ఎక్కడా లేదు.
త్రోయ రేవులో ఆ రాత్రి దర్శనం వచ్చేదాకా
ఆయన మాత్రం ఏం చేసుంటాడు?
నాలాగే, ఎవరివో ఓడల తాళ్ళు చూస్తూ
గట్టున కూర్చుని ఉంటాడు.

నాకింకా ఏ దర్శనమూ లేదు.
జ్ఞానాపురంలో క్యారేజీ కడుతూ మా సువార్తమ్మ అంటుంది:
"అడుగు కనిపిత్తే చాల్దేటి,
ఊరంతా సూపించాలేటి నీకు?"

మస్కట్ కాగితం చింపలేదు.
వెనక్కి తిప్పి, తెల్లగా ఉన్న వైపు
ఇవాళ్టి డ్యూటీ రాసుకున్నాను:
నాలుగున్నరకి ఇంకో ఓడ.