క్లోజప్‌లో చెయ్యి

షికాగోలో ఆ మార్చిలో వాన పడలేదు.
కథకి వాన కావాలి.
ట్యాంకరు తెప్పించి, అర్ధరాత్రి
వీధిని ఈ మూల నుంచి ఆ మూలకి తడిపాం.
వీధి తడవాలంటే ముందు చెయ్యి తడపాలి
అన్నాడు ప్రొడక్షన్ మేనేజరు,
రసీదు లేని నోట్లు లెక్కపెడుతూ.

నేను సామాన్ల గది మనిషిని.
పిస్తోళ్ళు, తీగ లేని టెలిఫోన్లు,
విస్కీ సీసాల్లో చల్లారిన టీ, అన్నీ నా పద్దులోవే.
నెత్తురంటే చాక్లెట్ పాకం,
నలుపు తెలుపుల్లో అంతకన్నా నమ్మకమైన నెత్తురు లేదు.
చచ్చినవాడు షాటుకీ షాటుకీ మధ్య పెదవి నాక్కునేవాడు.
హీరోయిన్ తెల్ల గౌను నిజానికి లేత పసుపు.
అసలు తెలుపుని కెమెరా ఓర్చుకోలేదు.

ఆ రాత్రి సీను చిన్నది.
కిరాణా కొట్టు పెరటి గుమ్మం,
డిటెక్టివు కవరు పుచ్చుకోవాలి.
డెన్‌హోమ్ మంచివాడు. చర్చిలో పాడిన గొంతు.
కవరు తగలగానే వేళ్ళు వణికేవి.
ఒకటి. రెండు. మూడో టేకు.
జనాన్ని ఆపడానికి నిలబెట్టిన సార్జెంట్ క్రిమిన్స్
అపస్వరం విన్న విద్వాంసుడిలా ముఖం చిట్లించి
తాడు దాటి వచ్చాడు.

"అలా కాదు బాబూ, కవరు వంక చూస్తావేం?
మీ ఆవిడ ఉప్పు అందిస్తే దాని వంక చూస్తావా?
చెయ్యి దాని పని అది చేసుకుంటుంది.
నువ్వు వాతావరణం గురించి మాట్లాడు."

డైరెక్టరు లైటు వంచాడు.
చెయ్యి ఒక్కటే కావాలన్నాడు, ముఖం అక్కర్లేదన్నాడు.
క్రిమిన్స్ కవరుని అరచేతిలో ఎగరేసి చూశాడు.
"ఇందులో ఉన్నవి పేపరు ముక్కలు.
పేపరుకి నా చెయ్యి మూసుకోదు."
అందరం నవ్వాం. నేనూ నవ్వాను.
మేనేజరు జేబులోంచి నూటయాభై తీశాడు.
నేనే నాలుకతో తడిపి అంటించాను.
ఆ జిగురు రుచి ఇప్పటికీ చెప్పగలను.

ఎంత బాగా చేశాడో!
పావురం గూట్లోకి దూరినంత మెత్తగా దూరింది కవరు.
కట్ అన్నారు. లైట్లు ఆరాయి.
కవరు తిరిగి రాలేదు.
పద్దులో రాశాను: కవరు ఒకటి, చిరిగింది.
నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయి.
ఎవరూ ఏమీ అడగలేదు.

అక్టోబరులో ఆ పేటలోనే, చవక హాల్లో, బొమ్మ పడింది.
నా దీపాలూ నా టెలిఫోన్లూ చూసుకుందామని వెళ్ళాను.
రెండు వరసల ముందు వోయ్‌తాషిక్,
మేం పెరడు అద్దెకి తీసుకున్న కొట్టు అతనిదే,
భార్యతో, ఆదివారం టోపీతో.

నాలుగు సెకన్లు.
గోడంత చెయ్యి.
బొటనవేలికి సగం విరిగిన గోరు, తలుపంత.

"ఆ చెయ్యి నాకు తెలుసు."
చీకట్లో, మామూలు గొంతుతోనే అన్నాడు వోయ్‌తాషిక్.
భార్య మోచేత్తో పొడిచింది.
బాల్కనీలో ఎవరో దగ్గారు.
వెనక వరసలో కుర్చీ కిర్రుమంది, పక్కదీ.
ఎవరో నాకు రాని భాషలో ఒక్క మాటన్నారు,
మరెవరో అదే మాట మళ్ళీ అన్నారు.
ఈలోగా తెర మీద
ఆ చేతికి డెన్‌హోమ్ నిర్మలమైన ముఖం అతికింది.
చివర్లో నిజాయితీ గల కమిషనరు వచ్చాడు.
వస్తాడు, స్క్రిప్టులో నూట పన్నెండో పేజీలో.

శుక్రవారం, అరువు తెచ్చిన గుమ్మం గంట తిరిగివ్వడానికి
కొట్టుకి వెళ్ళాను.
గల్లాపెట్టె పక్కన కవరు సిద్ధంగా ఉంది.
నేను ఉల్లిపాయలు ఏరుతున్నట్టు నిలబడ్డాను.

క్రిమిన్స్ వచ్చాడు.
చేతులకి తోలు గ్లౌజులు, రెండింటికీ, మణికట్టు దాకా.
"చలి ముదిరింది కదూ" అన్నాడు, కవరు వంక చూడకుండా.

ఆ పూట వీధిలో పిల్లలు చొక్కాలు విప్పి బంతి ఆడుతున్నారు.

వోయ్‌తాషిక్ కవరు ఇచ్చాడు.
ఇచ్చి,
"లేదు" అన్నాడు.