పంపు ఆపని చలికాలం

అక్టోబరు చివర్లో ఫౌస్టో కంచె మీంచి తొంగిచూసి
"ఇంకా తిరుగుతోందా?" అన్నాడు.
తిరుగుతోంది.
ఈ వీధిలో అందరూ పంపులు పైకి తీసి, పాచి గీకి,
నేలమాళిగల్లో దాచేసుకున్నారు.
నేను మాత్రం దాన్ని అడుగు నుంచి లేపి
రెండు ఇటుకల మీద కూర్చోబెట్టాను.
అట్టడుగున మిగిలే ఆ కాస్త వెచ్చదనం
చేపలది. దాన్ని కదపను.

థండర్ బేలో జనవరి అంటే
తలుపు గొళ్లెం చెయ్యి కొరికే నెల.
సరస్సు మీంచి వచ్చే గాలికి
ముక్కులో వెంట్రుకలు పుల్లల్లా బిగుసుకుంటాయి.
అప్పుడు కూడా నా పెరట్లో
మూడడుగుల జలపాతం
ఎవరు విన్నా వినకపోయినా చెప్పుకుపోయే ముసలిదానిలా,
అంటే నాలా,
గొణుగుతూనే ఉంటుంది.

ముప్పై ఒక్క ఏళ్లు కాగితం మిల్లులో చేశాను.
కుడి చెవి అక్కడే వదిలేసి వచ్చాను.
ఎడమది మాత్రం
ఏ బేరింగు ఇంకెన్నాళ్లు బతుకుతుందో
ముట్టుకోకుండా చెప్పేది.
కొత్త ఇంజనీర్లు మీటర్లు పట్టుకొచ్చేవాళ్లు,
సాయంత్రానికి "కెర్తూని పిలవండి" అనేవాళ్లు.
మిల్లు మూసిన రోజు నన్ను భయపెట్టింది
జీతం పోవడం కాదు,
ఆ రాత్రి ఇంట్లో వినపడిన నిశ్శబ్దం.
పంపు చేపల కోసమేనని ఫౌస్టోకి చెప్పాను.
అబద్ధం కాదు. సగం.

ముందు రాతి అంచున ఒక గాజు పెదవి.
వారానికి గడ్డం.
నెలకి ఒక గుడారమే.
లోపల నీళ్లు పరిగెడుతుంటే టార్చి వేసి చూస్తాను,
పల్చటి చర్మం కింద నరం.
పగలగొట్టకూడదు.
మన సుత్తి దెబ్బ చేపకి పిడుగు.
మరిగే నీళ్ల గిన్నె మంచు మీద పెట్టి
అది తనంతట తాను దిగేదాకా పక్కన నిలబడాలి,
అంతే. కాళ్లు మార్చుకుంటూ.

ఫిబ్రవరి తొమ్మిది, తెల్లవారుజాము మూడు.
పంపు ఆగలేదు. జలపాతం ఆగలేదు.
గొంతు మారింది.
లోతులో పడే నీటి చప్పుడుకి ఒక పొట్ట ఉంటుంది.
ఆ పొట్ట లేదు.
నైటీ మీదే కోటు, బూట్లు కుడి ఎడమై...

నీరు పల్లమెరుగు అంటారు.
ఎరుగుతుంది, నాకన్నా బాగా ఎరుగుతుంది.
అంచున కట్టిన మంచుగడ్డ
రాత్రికి రాత్రి దానికి కొత్త పల్లం చూపించింది.
రాళ్ల వెనక నుంచి, గులాబీ పొద మొదట్లోంచి,
తిన్నగా ఫౌస్టో గ్యారేజీ వైపు.
చెరువు పైన మంచు కప్పు గాల్లో వేలాడుతోంది.
దాని కింద, చీకట్లో,
ఇటుకల ఎత్తున నీళ్లు.
ఏడు చేపలూ పక్కపక్కనే,
ఎవరో లెక్కపెట్టి పేర్చినట్టు.

వాటికి నీళ్లొదులుకోలేదు నేను.
నీళ్లు పోశాను.
బయటి కుళాయి డిసెంబరులోనే గడ్డకట్టింది.
నేలమాళిగలో పీపా నిండా నిలవ నీళ్లున్నాయి,
మెట్లు పదమూడు,
మోకాళ్లు రెండు, ఒకటి సొంతం కాదు.

తొమ్మిదో బకెట్టు దగ్గర ఫౌస్టో వచ్చాడు,
జారుతూ, ఇటాలియన్లో తిడుతూ,
గ్యారేజీ తలుపు నేలకి అతుక్కుపోయిందని.
నా చేతిలో బకెట్టు చూశాడు.
కన్నంలోంచి కిందికి చూశాడు.
కాసేపు నీళ్లు నమిలాడు.
తర్వాత రెండో బకెట్టు తీసుకున్నాడు.

తెల్లారేసరికి, ఆవిర్లు కక్కుతూ ఇద్దరం,
మంచుగడ్డ మీద గిన్నె పెట్టి నిలబడ్డాం.
"ఇది రాత్రంతా ఇలాగే మోగుతుందా?"
"ఇలాగే."
"అసుంతా వేలెడు కిటికీ తెరిచి పడుకుంటుంది,
ఈ చలిలో. నలభై ఏళ్ల కాపురంలో లేని అలవాటు.
హీటరు బిల్లు చూసి
నేను రోజూ అరుస్తున్నాను."
ఇంకేమీ అనలేదు.
గ్యారేజీ సంగతి ఏప్రిల్లో తేలుద్దాం అన్నాడు.

గిన్నె ఒక్కసారి ఒరిగి, బుడుంగుమని దిగింది.
నీళ్లు దారి మార్చుకున్నాయో లేదో
అప్పుడే చెప్పలేం.
ఎడమ చెవి అటు తిప్పాను.