దారపు కొలత

కోపర్‌లో, వంటింటి బల్ల మీద
నెవెంకా పాత పటం పరిచింది.
తీరం వెంట ఎర్రదారం పేరుస్తోంది,
వంపు వంపుకీ వేలితో నొక్కి.

"ఇందులో సరిహద్దులేవీ?" అన్నాను.
"అచ్చేసిన నాటికి ఒకటే దేశం" అంది,
పెన్సిల్ చెక్కుతూ.

రియెకా. స్ప్లిట్.
నెయుమ్ దగ్గర మడత చిరిగింది:
బోస్నియాకున్న ఆ కాస్త సముద్రం
పసుపెక్కిన టేపు కింద.

కొటోర్ అఖాతం మూరెడు దారం మింగేసింది.
బల్లకట్టు ఎక్కితే పది నిమిషాలే, అన్నాను.
వినలేదు. చుట్టూ తిరిగే పోవాలట.
పెళ్లయిన కొత్తలో జ్వొంకో అక్కడే ఎక్కడో
కారాపి, దారి తప్పానని
చీకటి పడ్డా ఒప్పుకోలేదట.

ఉల్సిన్ చేరేసరికి దారం అయిపోయింది.
అల్బేనియా మొత్తం అలాగే ఉంది.

తన స్వెట్టర్ అంచున
ఒక పోగు లాగి, ముడేసింది.